ఊపిరి బిగబట్టండి టీచరమ్మా!

అంగన్‌వాడీ టీచర్ల మానసిక ఒత్తిడికి కారణం ఎట్టకేలకు దొరికింది. వాళ్లకు ఊపిరి పీల్చడం చేతకావడం లేదట! కాబట్టి అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం పేరు చెప్పి, సెక్టార్ మీటింగులో గంటసేపు ధ్యానం పెడితే సరి. ఖర్చల్లా ఒక ఫ్లెక్సీ, కాసిని బిస్కెట్లు.

పద్ధతి తేలిక. నాలుగంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చాలి, నాలుగు బిగబట్టాలి, నాలుగు వదలాలి, మళ్లీ నాలుగు ఆగాలి. చుట్టుకి 16 అంకెలు. దడ నిజంగానే తగ్గుతుంది, అందులో మోసమేం లేదు. తంటా అంతా ఐదో చుట్టులో వస్తుంది. చేతిసంచిలో ఫోను మోగుతుంది: మీ సెంటర్ ఎంట్రీలు పెండింగ్.

ఏమిటా ఎంట్రీలు? 2025 జులై 1 నుంచి గర్భిణికి రేషన్ చేతికివ్వాలంటే అంగన్‌వాడీ లెక్కలు ఎక్కించే పోషణ్ ట్రాకర్ యాప్‌లో ముఖం గుర్తింపు తప్పనిసరి. ముందు ఆధార్‌తో ఈకేవైసీ, దానికో ఓటీపీ. ఆ నంబరేమో మొగుడిది. ఆయన మేస్త్రీ పనిలో పరంజా మీద ఉంటాడు. దిగొచ్చి అంకెలు చెప్పేసరికి గడువు దాటుతుంది. అది గట్టెక్కితే ఫొటో. వెలుతురు వెనకనుంచి పడిందా, పోలిక కుదరదు. ఆధార్‌లో ఉన్నది పెళ్లికి ముందటి ముఖం, గుమ్మంలో ఉన్నది రక్తం లేక పాలిపోయిన ఏడో నెల ముఖం. కళ్లు ఆర్పమంటుంది యాప్. ఆర్పుతుంది. సిగ్నల్ పోతుంది. "పాలకి, గుడ్లకి ఇన్ని ఫొటోలేంటి టీచరమ్మా?" అంటుంది ఆవిడ. ఈలోగా లోపల ఒకడు నిక్కరు తడుపుకుంటాడు, ఆయా పొయ్యి దగ్గర్నుంచి కదల్లేదు.

ఓటర్ల జాబితా పని వేరే.

దీనికంతటికీ ఆంధ్రప్రదేశ్‌లో 2019లో నిర్ణయించిన గౌరవ వేతనం 11,500 రూపాయలు. పేరులోనే గౌరవం ఉంది కాబట్టి అంకెలో ఉండనక్కర్లేదు. 2023 డిసెంబరు 12న వాళ్లు సమ్మెకు దిగి 26,000 అడిగారు. జనవరిలో, అత్యవసర సేవల్లో సమ్మె కూడదనే చట్టం, ఎస్మా వచ్చి పడింది. అంటే జీతం అడిగితే స్వచ్ఛంద సేవకులు, పని ఆపితే అత్యవసర సేవకులు! 42 రోజుల సమ్మె. అంతకుముందే, 2022 ఏప్రిల్‌లో, వీళ్లకు గ్రాట్యుటీ ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పింది. న్యాయమూర్తులకి ఈ ఊపిరి తరగతి ఎవరూ పెట్టినట్టు లేదు.

సోషల్ వర్క్ చదువుల్లో ఒక పాత చాదస్తం ఉంది: మనిషి కంటే ముందు మనిషి చుట్టూ చూడమంటారు. 1917లోనే ఆ చదువుకి పునాది వేసినవాళ్లలో ఒకరైన మేరీ రిచ్‌మండ్, కష్టంలో ఉన్నవాళ్ల గురించి ఇంటివాళ్లనే కాదు, పని ఇచ్చినవాళ్లనూ వాకబు చేయమని రాసింది. మనకా శ్రమ లేదు. పని ఇచ్చినవారు వేదిక మీదే ఉన్నారు, మైకు వారి చేతిలోనే ఉంది, ఒత్తిడి మీ ఆలోచనల్లో ఉందని చెబుతున్నారు.

(ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సాయం టెలిమానస్ 14416 మీద మాత్రం వెటకారం లేదు. డబ్బులక్కర్లేదు, రాత్రయినా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. నిద్ర పట్టనివాళ్లు చేయండి. వేతనం పెంచే బటన్ మాత్రం అక్కడ ఉండదు.)

చివరగా నిర్వాహకులకు సూచనలు. అభిప్రాయ పత్రంలో రెండే గళ్లు పెట్టండి: ఒత్తిడి తగ్గింది, చాలా తగ్గింది. సాయంత్రం ఐదులోపు ప్రతి టీచరూ ధ్యానం చేస్తున్న ఫొటో అప్‌లోడ్ చేయాలి, లేకుంటే మెమో. కళ్లు మూసుకున్న ఫొటోలు చెల్లవు.