3+ అంటే తెలివి లెక్క కాదు, గొంతు లెక్క

బొమ్మ పెట్టె మీద 3+ అని కనిపిస్తే చాలామంది దాన్ని తెలివితేటల కొలత అనుకుంటారు. "మావాడికి రెండేళ్లే గానీ నాలుగేళ్ల పిల్లాడంత చురుకు" అని మురిసిపోతూ కొనేస్తారు. అయ్యా, ఆ అంకె వేసింది పిల్లాడి బుర్రను చూసి కాదు, గొంతును చూసి. చురుకైనవాడి శ్వాసనాళం మిగతా పిల్లలకంటే వెడల్పుగా ఏమీ ఉండదు. పైగా బొమ్మ కారు చక్రం ఊడబీకి నోట్లో పెట్టుకునేది ముందుగా వాడే.

దీనికి వాడే పరీక్ష కూడా పెద్ద బ్రహ్మవిద్య కాదు. దాదాపు 32 మిల్లీమీటర్ల వెడల్పున్న ఒక పొట్టి గొట్టం ఉంటుంది. బొమ్మ గానీ, దాని నుంచి ఊడిన ముక్క గానీ అందులో పూర్తిగా ఇమిడిపోతే మూడేళ్లలోపు పిల్లలకు ఇవ్వకూడదు. ఇంట్లోనైతే టాయిలెట్ పేపర్ చుట్ట లోపలి అట్టగొట్టం చాలు. అది కాస్త ఎక్కువ వెడల్పే, మనకు మంచిదే. అందులోంచి జారిపోయేది ఏదైనా పసివాళ్లకు అందని చోట పెట్టేయండి. పగిలిన బెలూను ముక్కకు మాత్రం ఏ గొట్టమూ అక్కర్లేదు. అది సాగి గొంతుకు అతుక్కుపోతుంది, వెంటనే ఏరి పారేయాల్సిందే.

నాకు అసలు కోపం బటన్ బ్యాటరీల మీద, అదే, చొక్కా గుండీలా గుండ్రంగా ఉండే చిన్న బ్యాటరీల మీద. ఎవరో మా అమ్మాయికి పాటలు పాడే కుందేలు బొమ్మ ఇచ్చారు. దాని పొట్ట కింద మూత ఉంది, మూతకు స్క్రూ లేదు. బొటనవేలి గోరుతో అలా అన్నానో లేదో ఊడివచ్చింది. మూడు బ్యాటరీలు నేల మీద పడ్డాయి. రెండు దొరికాయి, మూడోది దొర్లుకుంటూ మంచం కిందికి పోయింది. నేను బోర్లా పడుకుని వెతుకుతుంటే ఏడాదిన్నర పిల్ల నా పక్కనే బోర్లా పడుకుని అదే వెతుకుతోంది.

ఇవి మింగితే లోపల కారిపోయి విషమవుతాయని కొందరు, మర్నాటికి బయటికి వచ్చేస్తాయిలే అని కొందరు అంటారు. అన్నవాహికలో ఇరుక్కున్న బ్యాటరీ చేసే పని వేరు. అక్కడి తడి తగలగానే విద్యుత్తు ప్రవహిస్తుంది, దానివల్ల క్షారం పుట్టి కండను కాల్చేస్తుంది. రెండు గంటలు చాలు. గడియారానికి ఇక పనికిరాదని తీసి పడేసిన బ్యాటరీలో కూడా అంత సత్తువ మిగిలే ఉంటుంది. పిల్ల ఏడవకపోవచ్చు. చొంగ కారుతుంది, దగ్గుతుంది, తిండి వద్దంటుంది, మనం జలుబు అనుకుంటాం. అనుమానం వస్తే వాంతి చేయించొద్దు, నేరుగా ఎక్స్‌రే తీసే ఆసుపత్రికి పరుగెత్తండి.

అమెరికాలో ఏడాదిన్నర పాప ఒకరు ఇలాగే చనిపోయాక 2022లో ఈ బ్యాటరీల మీద చట్టం వచ్చింది. అది ముఖ్యంగా బొమ్మల కోసం కాదు, బొమ్మలకు నియమాలు అప్పటికే ఉన్నాయి. రిమోట్లు, బ్యాటరీతో వెలిగే కొవ్వొత్తి దీపాల వంటి ఇంటి సామాను కోసం! బొమ్మల బుట్ట మాత్రమే వెతికి ఊరుకునేవాళ్లు టీవీ రిమోట్ వెనక మూత కూడా ఒకసారి తీసి చూడండి. చిన్న అయస్కాంతాల సంగతీ అంతే. ఒకటి మింగితే బయటికి పోవచ్చు, రెండు మింగితే పేగు మడతలకు అటొకటి ఇటొకటి చేరి ఒకదాన్నొకటి లాక్కుని పేగుకు చిల్లు పెడతాయి.

ఇక చక్రాల వాకర్. నడక త్వరగా వస్తుందట! అందులో కూర్చున్న పిల్ల కాలివేళ్లతో నేలను తోస్తుందే తప్ప తన బరువు తాను మోయదు. మెట్ల దగ్గరికి మాత్రం మనం లేచేలోపే చేరుకుంటుంది. కెనడా 2004లోనే దాని అమ్మకాన్ని నిషేధించింది. మన బంధువులు ఇంకా ప్రేమగా మోసుకొస్తూనే ఉన్నారు. వద్దంటే అలుగుతారు. అలగనివ్వండి.

కుందేలు సంగతి చెప్పలేదు కదూ. కళ్లు ఊడివచ్చే గుండీలు కావు, దారంతో కుట్టినవే కాబట్టి పారేయలేదు, బ్యాటరీలు మాత్రం తీసేశాను. ఇప్పుడు అది పాడదు. మా అమ్మాయే దాని పొట్ట నొక్కి, తనే పాడుకుంటోంది.