కారు చక్రాలున్న ఫోను కాదు

“ఎలక్ట్రిక్ కారంటే చక్రాలున్న ఫోనే. బ్యాటరీ, చిప్పు, తెర, సాఫ్ట్‌వేర్ ఫోన్ల కంపెనీలకు వెన్నతో పెట్టిన విద్య. డబ్బుకు కొదవ లేదు. తయారీ ఎవరికో అప్పగిస్తే సరి. షావోమీ చేసి చూపించింది కదా!” ఈ వాదనను తెగ పంచుకుంటున్నారు. వినడానికి బాగుంది. విప్పి చూద్దాం.

తెర, సాఫ్ట్‌వేర్ సంగతి ఒప్పుకుంటాను. పాత కార్ల కంపెనీలు అక్కడ నిజంగానే వెనకబడ్డాయి. బ్యాటరీ మాత్రం పేరుకే ఒకటి. ఫోను బ్యాటరీలో పట్టే కరెంటు పదిహేను, ఇరవై వాట్-అవర్లు. షావోమీ ఎలక్ట్రిక్ కారు ఎస్‌యూ7 ప్రారంభ మోడల్‌లోనే 73.6 కిలోవాట్-అవర్లు, అంటే సుమారు నాలుగు వేల రెట్లు. ఐఫోన్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని ఆపిలే చెబుతుంది. మరీ వేడెక్కితే చల్లబడేదాకా ఆగమని తెర మీద రాస్తుంది. నిండు వేగంతో పోతున్న కారు ఆ మాట అంటే?

ఇక డబ్బు. ఆపిల్‌కు లేని డబ్బా? 2014లో మొదలైన తన కార్ల పథకం ‘ప్రాజెక్ట్ టైటాన్’ను 2024 ఫిబ్రవరిలో మూసేసింది. వెయ్యి కోట్ల డాలర్లకు పైగా ఖర్చయిందని వార్తలు వచ్చాయి. బయటికి వచ్చిన కార్లు సున్నా. వ్యాక్యూమ్ క్లీనర్ల డైసన్ కథ ఇంకా విచిత్రం. నమూనా కారు తయారైంది, నడిచింది. కానీ ఒక్కోటి లక్షన్నర పౌండ్లకు అమ్మితే గానీ గిట్టదని తేలింది. 50 కోట్ల పౌండ్లు పోయాక, 2019లో దుకాణం కట్టేశారు. కారు చేయలేక కాదు, అమ్మి బతకలేక.

షావోమీ గెలుపు నిజమే. 2021లో ప్రకటించి 2024 మార్చిలో కారు తెచ్చింది, ఆ ఏడాదే లక్షకు పైగా అందించింది. అయితే అందుకోసం బీజింగ్‌లో సొంత కర్మాగారం కట్టుకుంది. ఫోన్లను ఎక్కువగా బయట చేయించుకున్న సంస్థ కార్ల దగ్గరికొచ్చేసరికి పద్ధతే మార్చుకుంది! 2025 మార్చిలో చైనాలోని అన్హుయిలో ఒక ఎస్‌యూ7 ప్రమాదంలో ముగ్గురు చనిపోయారు. అదే ఏడాది సెప్టెంబరులో హైవే డ్రైవింగ్ సహాయక వ్యవస్థలో లోపం సరిదిద్దడానికి 1.16 లక్షలకు పైగా కార్లకు రీకాల్ ప్రకటించింది. మరమ్మతు సాఫ్ట్‌వేర్ అప్‌డేటే. ఫోనులో అప్‌డేట్ ఆలస్యమైతే విసుక్కుంటాం, అంతే.

“ఎవరికో అప్పగిస్తే సరి” అన్న ముక్కకు ఫిస్కర్‌ను చూడాలి. అది అమెరికా ఎలక్ట్రిక్ కార్ల కంపెనీ, ఫోన్ల కంపెనీ కాదు గానీ నడిచింది ఆ బాటలోనే. ఆస్ట్రియాలోని గ్రాట్స్‌లో, ఇతర కంపెనీలకు కార్లు చేసిపెట్టే మాగ్నా చేత ‘ఓషన్’ కార్లు చేయించుకుంది. మాగ్నా అనుభవానికి వంక పెట్టలేం, మెర్సిడెస్ జీ-క్లాస్ తయారయ్యేదీ అక్కడే. అయినా 2024 జూన్‌లో ఫిస్కర్ దివాలా తీసింది. విడిభాగాల కోసం, సాఫ్ట్‌వేర్ కోసం కార్ల యజమానులే సంఘం పెట్టుకోవలసి వచ్చింది. మూలపడ్డ ఫోనునైతే సొరుగులో పడేసి మరిచిపోతాం.