నీళ్లలో మునిగిన ఊరికి దారి అడిగితే

సాయంత్రం నాలుగు దాటితే ఆ ఇంట్లో ఒకటే మాట. "పొద్దు గుంకుతోంది, ఇంటికి పోదాం పద." ఆ మాట అంటున్న పెద్దావిడకు ఎనభై దాటాయి. కర్నూలు పాతబస్తీలో కొడుకు కట్టుకున్న ఇంట్లో నలభై ఏళ్లుగా ఉంటోంది. ఆమె పోదామంటున్న ఇల్లు మాత్రం కృష్ణ ఒడ్డున ఒక పల్లెలో ఉండేది. 1980ల మొదట్లో శ్రీశైలం జలాశయం నిండినప్పుడు చుట్టుపక్కల పల్లెలతో పాటు అదీ మునిగింది. ఎండాకాలంలో నీటిమట్టం తగ్గితే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది గానీ ఆమె ఇల్లు బయటపడదు.

మొదట్లో కొడుకు ప్రతి సాయంత్రం ఉన్న నిజమే చెప్పేవాడు. "ఊరు లేదమ్మా, ఎప్పుడో మునిగిపోయింది." ఆమెకు అది ప్రతిసారీ కొత్త వార్తే. ప్రతిసారీ ఊరు అప్పుడే మునిగినట్టు ఏడ్చేది. చివరికి దారి కనిపెట్టింది కోడలు. "పోదాం అత్తమ్మా, మీ ఇంటి ముందు ఏ చెట్టు ఉండేది?" అని అడిగింది. చెట్టు నుంచి కల్లానికి, కల్లం నుంచి ఎద్దులకు, ఎద్దుల నుంచి వాటిని అమ్మేసిన సంవత్సరానికి మాట సాగి, అన్నం వేళ వరకు గడిచింది. ఇల్లు మాట మరుగున పడింది.

పాత జ్ఞాపకాలను మాటల్లోకి రప్పించి మనసును కుదుటపరచే ఈ పద్ధతిని డిమెన్షియా, అంటే మెదడు దెబ్బతిని మతి తప్పే జబ్బు, సంరక్షణలో శిక్షణ పొందినవాళ్లు మొదటి వారంలోనే నేర్చుకుంటారు. ఈ కోడలికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లలో అత్త ఎన్ని సాయంత్రాలు ఏడ్చిందో లెక్క వేసుకుంటే, మన జిల్లాలో ఏది లేదో తెలిసిపోతుంది.

కర్నూలులో వైద్యం లేదని నేను అనడం లేదు. రాయలసీమ నాలుగు మూలల నుంచీ, అటు పాలమూరు, రాయచూరు వైపు నుంచీ రోగులు వచ్చే పెద్దాసుపత్రి ఇక్కడే ఉంది. నరాల డాక్టరుకు చూపిస్తే రక్తపరీక్ష, స్కానింగు రాస్తారు. రాయించుకోవాలి కూడా. థైరాయిడ్ మందగించినా, బి12 విటమిన్ తగ్గినా, మనిషి లోలోపల కుంగిపోయినా మతిమరుపు లాగే కనిపించవచ్చు. అవి నయం చేయగలిగినవి. "వయసైపోయింది, అంతే" అని ఇంట్లో కూర్చోబెట్టడం వల్ల అలాంటివారికి జరిగే అన్యాయం చిన్నది కాదు. అవేవీ కాదని తేలి, అల్జీమర్స్ అనో, మెదడు రక్తనాళాలు దెబ్బతినడం వల్ల వచ్చిన డిమెన్షియా అనో నిర్ధారణ అయితే కథ అక్కడ ఆగుతుంది. ఇప్పుడు దొరికే మాత్రలు కొందరిలో లక్షణాలను కొంతకాలం నెమ్మదింపజేస్తాయి, జబ్బును నయం చేయవు. చీటీ మీద మందు పేరు, కింద "మూడు నెలల తర్వాత రండి". ఆ మధ్య తొంభై రోజులు ఎవరివి? నా ఫిర్యాదంతా ఆ తొంభై రోజుల గురించే.

మనకు దీనికి సరైన పేరు కూడా లేదు. పుస్తకాల్లో చిత్తవైకల్యం అంటారు, ఆ మాట వింటేనే సంకెళ్లు గుర్తొస్తాయి. ఇళ్లలో చాదస్తం అంటారు. ఈ మాట ముచ్చటైనదే. వేదం చదువుకున్న ఛాందసుడి నుంచి పుట్టి, చెప్పిందే చెప్పే ముసలివారి మీద వాలింది. కానీ చాదస్తం అన్న తర్వాత డాక్టరు దగ్గరికి ఎవరు వెళ్తారు? జపాన్ వాళ్లు 2004లో తమ భాషలో ఉన్న పాత పేరు అవమానకరంగా ఉందని ప్రభుత్వపరంగానే మార్చేశారు. మరుసటి ఏడాది మామూలు జనానికి, అంటే దుకాణదారులకు, బ్యాంకు గుమాస్తాలకు, బడిపిల్లలకు, గంటన్నర పాఠం చెప్పడం మొదలుపెట్టారు. అలాంటి పాఠం విన్నవాళ్లు అక్కడ ఇప్పుడు కోటి దాటారు.

మన దగ్గర అంకెలు ఇలా ఉన్నాయి. 2023లో వెలువడిన జాతీయ అంచనా ప్రకారం అరవై దాటిన భారతీయుల్లో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. మగవారిలో కన్నా ఆడవారిలో, పట్నాల్లో కన్నా పల్లెల్లో ఎక్కువ. ఈ లెక్కను మన వీధికి తెద్దాం. పట్టణంలో ఒక వార్డు సచివాలయం సుమారు నాలుగు వేల జనాభాకు. పదిమందిలో ఒకరు అరవై దాటినవారనుకున్నా నాలుగు వందల మంది. అందులో 7.4 శాతం అంటే దాదాపు ముప్పై. ఆ ముప్పై మంది ఇళ్లు ఎక్కడున్నాయో ఆ వార్డులో ఎవరికైనా తెలుసా?

తెలుసుకునే అవకాశం ఉన్న మనిషి ఒకరున్నారు. నెల మొదటి తారీకున తలుపు తట్టే సచివాలయ ఉద్యోగి. వృద్ధాప్య పింఛను 2024 నుంచి నాలుగు వేలయింది, ఇంటి దగ్గరే ఇస్తున్నారు. దేశంలో చాలాచోట్ల ముసలివాళ్ల ఇంటికి నెలకోసారి ప్రభుత్వం తరఫున మనిషి రావడమన్నదే లేదు. మనకు ఉంది. ఆ మనిషి వేలిముద్ర తీసుకుంటారు, నోట్లు లెక్కపెట్టి ఇస్తారు, వెళ్లిపోతారు. పోయిన నెల పేరు పెట్టి పలకరించిన అవ్వ ఈ నెల "ఎవరు నాయనా నువ్వు?" అంటే, ఇచ్చిన డబ్బు చేతిలోనే ఉండగా ఇంకా ఇవ్వలేదని కూర్చుంటే, అది మొదట కంటపడేది ఆ ఉద్యోగికే. ఫలానా లక్షణం కనిపిస్తే వార్డు ఏఎన్ఎంకు చెప్పు అన్న ఒక్క మాట వారి పనిలో చేర్చడానికి కొత్త భవనం అక్కర్లేదు. సర్వేల మీద సర్వేలతో వాళ్లు ఇప్పటికే నలిగిపోతున్నారని నాకు తెలుసు. ఇంకో యాప్ ఇచ్చి ఇంకో ఫారం నింపమంటే ఇది మొదటి నెలలోనే చచ్చిపోతుంది. చెప్పాల్సింది ఒక్క ఏఎన్ఎంకు, అదీ నోటిమాటగా.

ఇది గాలిలో మేడ కాదు. ఆలూరు దాటితే బళ్లారి. తాలూకా స్థాయి డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇస్తే మానసిక వైద్యం పల్లెకు చేరుతుందని బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 1980లలో ఆ జిల్లాలోనే చేసి చూపించింది. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి ఆ బళ్లారి అనుభవమే నమూనా. పక్క జిల్లా దేశానికి దారి చూపింది. ఆ దారిలో మన పెద్దవాళ్ల మతిమరుపు మాత్రం ఎక్కడో వెనకబడిపోయింది.

అయితే తలుపు తట్టినంత మాత్రాన చెప్పేస్తారా? చెప్పరు. మా ఉమ్మడి కుటుంబాలు, మా ప్రేమలు అని మనం వ్యాసాలు రాసుకుంటాం గానీ, దాచిపెట్టడానికి గట్టి లౌకిక కారణాలున్నాయి. ఒకటి పొలం. పెద్దాయనకు మతి సరిగా లేదని ఊరికి తెలిస్తే, ఆయన చేసిన రిజిస్ట్రేషన్ చెల్లదని రేపు దాయాదులు కోర్టుకెక్కుతారు. ఒప్పందం చేసుకునేవారు స్థిమితమైన మనసుతో ఉండాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టమే చెబుతోంది. రెండోది పెళ్లి సంబంధం. "వాళ్ల వంశంలో పిచ్చి ఉందట" అన్న ఒక్క మాటకు మనవరాలి సంబంధం తప్పిపోతుంది. సిగ్గుపడకండి అని గోడ మీద రాస్తే ఈ భయాలు పోవు. జబ్బు తొలిదశలో, మనిషి ఇంకా ఆలోచించి సంతకం పెట్టగలిగినప్పుడే వీలునామా, బ్యాంకు నామినీ, ఉమ్మడి ఖాతా వంటివి చక్కబెట్టుకోవచ్చని చెప్పే వకీలు ఒకరు నెలకోసారి వార్డులో కూర్చుంటే సగం భయం పోతుంది. దాచేవాళ్లు పోగొట్టుకునేది సరిగ్గా ఆ తొలిదశనే.

ఇంకో చిక్కు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాల జాబితా ఉంది. పార్కిన్సన్స్ పేరుంది, డిమెన్షియా పేరు లేదు. జాబితాలో కనిపించని జబ్బును కౌంటరులో గుమాస్తాకు వివరించడం ఎలా ఉంటుందో అనుభవించినవారికే తెలుసు.

సరే, మనిషిని గుర్తించాం. తర్వాత? నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో 1997లో ఒక మనస్తత్వ శాస్త్రవేత్త అల్జీమర్స్ కెఫే మొదలుపెట్టాడు. జబ్బున్నవారు, ఇంటివారు, తెలిసిన డాక్టరు ఒకచోట చేరి కాఫీ తాగుతూ మాట్లాడుకోవడం. ఇప్పుడది చాలా దేశాలకు పాకింది. మక్కీకి మక్కీ తెచ్చి రాజ్‌విహార్ సెంటర్లో పెడితే మన అవ్వలు రారు. వాళ్లు కెఫేకు ఎన్నడూ వెళ్లినవాళ్లు కారు. గుడి మండపానికి వెళ్లారు, దర్గాకు వెళ్లారు, రచ్చబండ దగ్గర కూర్చున్నారు. ఊళ్లో ఫంక్షన్ హాళ్లకు కొదవ లేదు. ఆషాఢంలో, మూఢాల్లో అవి తాళాలు వేసుకుని ఉంటాయి. మామూలు రోజుల్లోనూ ముహూర్తం లేని పూట ఖాళీయే. వారానికి ఒక పూట, రెండు గంటలు, ఫ్యాన్లు, శుభ్రమైన మరుగుదొడ్డి, మెట్లు లేని గుమ్మం. కావలసినవి ఇవే. మరుగుదొడ్డిని నవ్వులాటకు తీసుకోకండి. చాలామంది ఇంటివాళ్లు పెద్దవాళ్లను బయటికి తీసుకురాకపోవడానికి అసలు కారణం అదే.

అక్కడ ఏం చేయించాలి? ఇందుకూ పరీక్షించి చూసిన పద్ధతి ఉంది. లండన్ పరిశోధకులు తయారుచేసి 2003లో ఫలితాలు ప్రచురించిన క్రమంలో ఏడు వారాలు, వారానికి రెండుసార్లు, మొత్తం 14 కూటాలు. బొమ్మలు, శబ్దాలు, వంటలు, డబ్బు, మాటల ఆటలు. చెన్నైలో దీన్ని తమిళులకు తగ్గట్టు మలిచారు. మనకు మలచడం కష్టమేమీ కాదు. డబ్బు అన్న రోజున పాత అణా, బేడ, కానీ బిళ్లలు పళ్లెంలో పోస్తే చాలు. నయాపైసలు 1957లో వచ్చాయి, కాబట్టి ఎనభై దాటినవారు ఆ పాత బిళ్లలతోనే బడి దగ్గర పిప్పరమెంట్లు కొన్నవారే. శేరు, సోల, గిద్దె చేతికిస్తే కొలిచే ఒడుపు మనసు కన్నా ముందు చేతికి గుర్తొస్తుంది. కర్నూలు రాజధానిగా ఉన్న 1953 నుంచి 1956 దాకా ఊరు ఎలా ఉండేదో అడగండి. గుడారాల్లో నడిచిన ఆఫీసులను బడిపిల్లలుగా చూసినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. నిన్న తిన్నది గుర్తులేని మనిషి ఆ గుడారాల రంగు చెబుతాడు. చెక్కభజన వాళ్లను పిలవండి. కూతురి పేరు తడబడే నోరు చిన్నప్పటి కీర్తనలో చరణం తప్పదు.

ఆ ఇంటి దగ్గర నేను చూసినది ఒకటి చెప్పాలి. పొద్దున పదింటికి అత్తగారి ముందు చేట పెడతారు. అందులో శనగలు, అలసందలు కలిసి ఉంటాయి. ఆవిడ వేళ్లు చకచకా కదులుతాయి, శనగలు ఒక గిన్నెలోకి, అలసందలు ఒక గిన్నెలోకి. మధ్యలో పుచ్చిన గింజ దొరికితే పక్కన పడేసి, "ఈసారి సరుకు బాగాలేదు" అని కోమటిని తిడుతుంది. పన్నెండుకు పని ముగించి, చేట తట్టి, తృప్తిగా కూర్చుంటుంది. రాత్రి అందరూ పడుకున్నాక కోడలు ఆ రెండు గిన్నెలూ మళ్లీ చేటలో కలిపేస్తుంది. "మోసం చేస్తున్నానేమో అన్నా" అని నన్ను అడిగింది. నేను సమాధానం చెప్పలేదు. చెప్పాల్సివస్తే, జీవితమంతా పనిచేసిన చేతులను ఊరికే ఒళ్లో పెట్టుకుని కూర్చోమనడం అంతకన్నా పెద్ద మోసమని చెబుతాను.

భాష సంగతి కూడా చూడాలి. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి, ఒకటి కన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో వెల్లడించింది. చదువు రానివారిలోనూ ఈ తేడా కనిపించింది. పాతబస్తీలో ఉర్దూ, ఆదోని వైపు కన్నడం తెలుగుతో కలిసి బతికే మన జిల్లాకు ఇది సంతోషించదగిన మాటే. అయితే జబ్బు ముదిరినప్పుడు కొందరిలో తర్వాత నేర్చిన భాష ముందు జారిపోతుంది. కన్నడ ఇంటి నుంచి కోడలిగా వచ్చిన అవ్వ ఒకరోజు కన్నడంలోకి వెళ్లిపోయి తిరిగి రాదు, మనవళ్లకు ఆ భాష రాదు. అందుకే సహాయకులను వెతికేటప్పుడు డిగ్రీ కన్నా ముందు ఏ భాష వచ్చో అడగాలి.

బస్టాండు గురించి ఒక్క మాట. ఇల్లు వదిలి నడిచిన పెద్దవాళ్లు చేరే చోట్లలో అదొకటి. కండక్టర్లకు, ఆటో స్టాండు వాళ్లకు జపాన్ తరహాలో గంటన్నర పాఠం చెబితే చాలు. "ఎక్కడికి పోవాలి తాతా?" అని అడిగి టికెట్ కొట్టేముందు, మణికట్టు మీద కట్టిన ఫోను నంబరు చూడాలన్న ఆలోచన వస్తుంది.

ఇన్ని చెప్పినా ఎదురయ్యే వాదన ఒకటుంది. ఇవన్నీ తెల్లవాళ్ల దేశాలకు, మనకు ఇంట్లో చూసుకునేవాళ్లున్నారు అని. ఉన్నారు. దాదాపు ప్రతి ఇంట్లోనూ అది ఒక్క మనిషే, దాదాపు ప్రతిసారీ ఆడమనిషే. చుట్టాలు వచ్చినప్పుడు "నీలాంటి కోడలు దొరకడం అదృష్టం" అని మెచ్చుకుని, కాఫీ తాగి, ఐదున్నర బస్సుకు వెళ్లిపోతారు. అంత పొగిడిన తర్వాత ఆమె నాకు చేతకావడం లేదని ఎవరితో చెప్పుకుంటుంది?

నేను పరిచయం చేసిన కోడలికి ఆరు నెలలుగా పన్ను నొప్పి. లవంగం నూనెతో నెట్టుకొస్తోంది. పంటి డాక్టరు రెండుసార్లు రావాలన్నాడు, ఒక్కోసారి గంటన్నర పడుతుందన్నాడు. భర్త దుకాణం రాత్రి తొమ్మిదికి గానీ మూయడు, కూతురు బెంగళూరులో ఉద్యోగం. పక్కింటావిడను ఒకసారి కూర్చోబెట్టి వెళ్తే సగం దారిలోనే ఫోను వచ్చింది, అత్తమ్మ గడియ తీసుకుని బయటికి నడిచిందని. అపాయింటుమెంటు చీటీ ఇప్పటికీ ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది. దాని మీద ఒక తారీకు కొట్టేసి ఇంకొకటి, అదీ కొట్టేసి మూడోది రాసి ఉంది. వచ్చే గురువారం, మధ్యాహ్నం మూడింటికి.