ఐదో తరగతికి జ్వరం వచ్చింది

మా తోడల్లుడు పనిచేసే ప్రాథమిక పాఠశాలలో ఐదో తరగతి మొన్న చేతిపంపు దగ్గర జారిపడి మోకాలు గీరుకుంది. తరగతి జారిపడడమేమిటని కంగారు పడకండి. ఆ తరగతిలో ఉన్నది ఒక్క పిల్లాడే. వాడు బడికొస్తే హాజరు నూరు శాతం, అమ్మమ్మగారి ఊరెళ్తే సున్నా. మధ్యలో ఇంకో అంకె కావాలంటే వాణ్ణి సగం పంపమని వాళ్లమ్మను అడగాలి.

నిరుడు ఐదో తరగతి ఒక ఆడపిల్ల. చురుకైంది. ఏ గ్రేడు తెచ్చుకుని పక్కూరి హైస్కూలుకు వెళ్లిపోయింది. ఫలితం నూరు శాతం. ఈ ఏడు ఎస్‌ఏ-1 అనే అర్ధ సంవత్సర పరీక్షల్లో, సరిగ్గా లెక్కల పేపరు నాడు, ఐదో తరగతికి జ్వరం తగిలింది. భాగహారం దాకా వచ్చి బల్ల మీద తల వాల్చేశాడు. డి గ్రేడు. జిల్లా పటంలో బడి ఎర్రగా మెరిసింది. ఒకే ఏడాదిలో నూరు నుంచి సున్నాకు పడిపోయిన విద్యాసంస్థను వదిలేస్తారా? మావాణ్ణి వీడియో కాన్ఫరెన్సుకు పిలిచారు.

"ఏమండీ హెడ్మాస్టర్ గారూ, ఇంత దారుణంగా ఎందుకు పడిపోయింది?"

"జ్వరం సార్."

"ఎంతమందికి?"

"అందరికీ సార్."

"అందరికీనా! మరి పీహెచ్‌సీ వాళ్లకు చెప్పలేదా?"

తర్వాత గణాంకాల విశ్లేషణ మొదలైంది. నిరుటి పిల్ల ఎస్సీ, ఇప్పటి పిల్లాడు బీసీ. కాబట్టి సామాజిక వర్గాల మధ్య అంతరం నూరు శాతం. లింగ భేదం కూడా అంతే. బాలికలు దూసుకుపోతుంటే బాలురు పూర్తిగా చతికిలబడ్డారు గనక వారిపై ప్రత్యేక దృష్టి పెట్టమన్నారు. వెనకబడిన విద్యార్థుల జాబితా పంపమన్నారు, చోటు చాలకపోతే అదనపు కాగితాలు జతచేయవచ్చట. పిల్లల్ని స్థాయిని బట్టి మూడు జట్లు చేయమన్నారు. మా తోడల్లుడు మెత్తని మనిషి, ఆ పని మాత్రం చేయలేకపోయాడు. చివరికి, బాగా చదివే వాళ్ల పక్కన చదవని వాళ్లను కూర్చోబెట్టండని సలహా ఇచ్చి కెమెరా కట్టేశారు. ఐదో తరగతిని తీసుకెళ్లి ఐదో తరగతి పక్కన కూర్చోబెట్టే ఉపాయం ఎవరికైనా తడితే ఆయనకు చెప్పండి, పుణ్యముంటుంది.

బడి మొత్తానికి పదకొండు మంది. అయిదు తరగతులకూ ఈయన ఒక్కడే అయ్యవారు. అరవై మంది లోపు పిల్లలున్నా ఇద్దరు టీచర్లుండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం అంటుంది. ఆ చట్టం మంచిదే, చదువుకోవడానికి బాగుంటుంది. యూడైస్ ప్లస్ అని కేంద్ర విద్యాశాఖ బడుల వివరాలు సేకరించే 2024-25 లెక్కల ప్రకారం ఒకే టీచరుతో నడిచే బడులు దేశంలో లక్షకు పైగా ఉన్నాయి. ఆ వరసలో మొట్టమొదట నిలబడింది మన ఆంధ్రప్రదేశ్. అభినందన సభ ఎవరూ పెట్టలేదు ఎందుకో.

ఆ ఒక్క టీచరూ పొద్దున బడి తలుపు తీసి ముందు ఫోన్ తీస్తాడు. ముఖం చూపించి తన హాజరు, తర్వాత పిల్లల హాజరు, తర్వాత భోజనాల లెక్క. కొన్నాళ్లు మరుగుదొడ్డి ఫొటో కూడా రోజూ తీసి పంపాడు, వెలుతురు సరిపోలేదని ఒకసారి వెనక్కొచ్చింది. ఇక పిల్లల వివరాలు: కులం, ఎత్తు, బరువు, రక్తం గ్రూపు, అమ్మ పేరు, ఆధార్‌లో ఉన్న పేరు. రెండో తరగతి పిల్ల పేరులో ఇంగ్లీషు అక్షరం ఒకటి ఎక్కువైందని వాళ్లమ్మ మూడు రోజుల కూలి పోగొట్టుకుని ఆధార్ కేంద్రం చుట్టూ తిరిగింది. ఆ పిల్ల 'ళ'కూ 'ల'కూ తేడా తెలుసుకుందా అని మాత్రం ఏ గడీలోనూ లేదు.

అసలు మిగతా ఐదో తరగతి ఎక్కడికి పోయిందంటారా? పొద్దున ఏడున్నరకు పసుప్పచ్చ వ్యాను వస్తుంది, అందులో ఉంటుంది. వ్యానులోకి తొంగి చూడండి, ఎక్కువమంది మగపిల్లలే. అదే గడప దాటి, తమ్ముడి టై సర్ది, వ్యాను ఎక్కించి, చేతులు ఊపి, తను నడుచుకుంటూ సర్కారు బడికొచ్చే అక్కను మా తోడల్లుడు రోజూ చూస్తాడు. ఏడాది తిరిగాక అందమైన పుస్తకం ఒకటి అచ్చవుతుంది. ప్రభుత్వ బడుల్లో బాలికల శాతం బాగుందని అందులో గులాబీ రంగు చక్రం ఉంటుంది. సిగ్గుండాలి. ఆ గులాబీ రంగు ఆ పిల్లకు మనమిచ్చిన గౌరవం కాదు, ఆమె మీద డబ్బు పెట్టడం దండగనుకున్న ఇళ్ల లెక్క.

నాలుగో తరగతిలో ఇద్దరుండేవాళ్లు. దీపావళి దాటాక ఒక పిల్ల వెళ్లిపోయింది. కర్నూలు పడమటి పల్లెల్లో ఇది ఏటా ఉండేదే, వానలు మొహం చాటేస్తే ఇంటికి తాళం వేసి గుంటూరు వైపు పత్తికీ మిరప కోతలకూ పోతారు. కళ్లలో కారం మంట, చంకలో చంటి తమ్ముడు. వలస పిల్లల కోసం సీజనల్ హాస్టల్ అనే మాటుంది, లారీ కదిలే నాటికి తలుపు తెరిచి ఉంటే పనికొచ్చేదే. తిరిగొచ్చేసరికి వేసవి సెలవులు. ఇలాంటి పిల్ల ఇంకెక్కడా చేరకపోతే పేరును 'డ్రాప్ బాక్స్'లో వేయాలట. బాక్సేమిటండీ? అది పిల్లనా, పాత కాగితమా? తొమ్మిదేళ్ల పిల్ల ఎండలో కాయలు కోస్తుంటే, వెళ్లి తీసుకురావలసిన వాళ్లు చల్లని గదిలో కూర్చుని ఆ బడి ఎందుకు వెనకబడిందని ఆమె టీచర్ని నిలదీస్తారా?

ఆ డ్రాప్ బాక్స్ మీట మావాడు ఇంకా నొక్కలేదు. అందువల్ల ఆమె వరస తెర మీద అలాగే ఉంది. ఎత్తు గడి ఖాళీగా ఉందనీ, సాయంత్రం అయిదు లోపు నింపకపోతే మెమో తప్పదనీ మొన్న ఫోనొచ్చింది. బడి వాకిలికి పిల్లల ఎత్తుల సుద్దగీతలున్నాయి. టేపు తీసుకెళ్లి ఆమె గీతను కొలిచి, 118 అని కొట్టాడు. పచ్చ టిక్కు పడింది.