మావయ్య, పగడాలు, పదకొండో సీసా

శ్రీకాకుళంలో ఎవరితోనైనా అండమాన్ వెళ్తున్నామని చెప్పండి, ఒక్కరు కూడా నోరెళ్లబెట్టరు. "అలగా? మా తోడల్లుడు అక్కడే ఉన్నాడు, ఈ ఎండుచేపల మూట కాస్త అందించేద్దురూ" అంటారు. మన తీరం ఊళ్ల నుంచి వెళ్లి అక్కడ స్థిరపడినవాళ్లు అంతమంది మరి, 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల్లో నూటికి 13 మంది తెలుగువాళ్లే. మా అత్త చెల్లెలు కూడా పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంటుంది (ఊరి పేరు 2024లో శ్రీ విజయపురం అయింది గానీ మా వాళ్ల నోట్లో ఇంకా మారలేదు). ఆవిడ రమ్మని రమ్మని పోరగా, సంక్రాంతి వెళ్లాక పిల్లాపాపలతో సహా 11 మందిమి విశాఖలో ఓడెక్కాం.

మావయ్య గురించి ముందే చెప్పాలి. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం అయిపోయింది గానీ లెక్కపెట్టడం అయిపోలేదు. ఓడలో ఉన్న రెండున్నర రోజులూ భోజనానికి ముందోసారి, తర్వాతోసారి మమ్మల్నందర్నీ లెక్కపెట్టాడు. నడిసముద్రంలో ఎవరు దిగిపోతారు మావయ్యా అంటే, "దిగకూడని చోట దిగిపోయినోళ్లని ఎంతమందిని సూడ్లేదు" అన్నాడు.

ఒక్కరోజులో చూసి రాదగ్గది జాలీ బాయ్ దీవేనని అత్త చెల్లెలు తేల్చింది, పర్మిట్లు కూడా ఆవిడే తీయించింది. ఊరికి ఓ 30 కిలోమీటర్ల దూరంలో వండూర్ జెట్టీ, అక్కడి నుంచి మడ అడవుల మధ్యగా బోటులో వెళ్లాలి. అక్కడ సూర్యుడు మన అరసవల్లిలో కంటే అరగంట ముందే వచ్చేస్తాడు, గడియారం మాత్రం దేశమంతటికీ ఒకటే. కాబట్టి ఆరు కాకుండానే వచ్చిన వెలుతురు చూసి, బోటు వెళ్లిపోయిందని మావయ్య ఇల్లంతా లేపేశాడు.

ఈ జాలీ బాయ్ అనేది 1983లో ఏర్పాటైన మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కులోది. ఏడాదంతా తెరవరు. కొన్ని నెలలు ఇది, మిగతా నెలలు రెడ్ స్కిన్ అనే ఇంకో దీవి, మనుషుల తాకిడి నుంచి పగడాలకు కాస్త ఊపిరన్నమాట. దీవిలో కొట్టు లేదు, హోటల్ లేదు, రాత్రి ఉండటానికి లేదు. తిండి మనమే పట్టుకెళ్లాలి. అన్నిటికన్నా ముఖ్యం, ప్లాస్టిక్ కూడదు.

ఈ ఆఖరి ముక్క మా అత్తకి ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేది కాదనుకోండి. ఏడు రోడ్ల జంక్షన్‌లో కిలో లెక్కన కొన్న కవర్లన్నీ ఆవిడ సంచిలో ఉన్నాయి. పులిహోర ఒక కవర్లో, నూనె కారకుండా దాని మీద ఇంకో కవరు, రబ్బరు బ్యాండు జారితే అని మూడోది. చేగోడీలకొకటి, పలాస జీడిపప్పుకొకటి, అరటిపళ్లకి కూడా ఒకటి (అరటిపండుకి దేవుడిచ్చిన తొక్క ఉంది కదా అంటే వినదు). జెట్టీ దగ్గర చెకింగ్ కుర్రాడు చాలా మర్యాదగా ఒక్కొక్కటే విప్పించాడు. పాపం అతను విప్పుతున్నకొద్దీ లోపల ఇంకో కవరు వస్తోంది. వెనక క్యూ పెరిగిపోయింది. ఆఖరికి అత్త ఊరి నుంచి తెచ్చిన అడ్డాకు విస్తళ్లే దిక్కయ్యాయి. పులిహోర రెండు విస్తళ్ల మధ్య సర్ది పైన తువ్వాలు కట్టాం, చేగోడీలు బావ టోపీలోకి వెళ్లాయి, జీడిపప్పు అత్త కొంగు చివర ముడిలోకి వెళ్లింది.

నీళ్ల సీసాలు మాత్రం తీసుకెళ్లొచ్చు, సీసాకింత అని డిపాజిట్ కట్టాలి, తిరిగొచ్చి సీసా చూపిస్తే డబ్బులు వెనక్కిస్తారు. దీవిలో చెత్త పడకుండా ఇంతకంటే మంచి పద్ధతి లేదని నా అభిప్రాయం. కానీ ఆ రసీదు మావయ్య చేతిలో పెట్టారు. అక్కడితో మాకు దీవి అయిపోయింది.

బోటులో వెళ్తుంటే రెండు పక్కలా మడ చెట్ల వేళ్లు నీళ్లలోకి దిగి, అందరూ ఫోన్లు తీస్తుంటే, మావయ్య సీసాలు లెక్కపెడుతున్నాడు. దీవి కనిపించింది. తెల్లటి ఇసుక, అడుగు కనిపించే నీళ్లు, అలలు కూడా మన కళింగపట్నంలోలాగా మీదపడవు. "పదకొండు" అన్నాడు మావయ్య. పిల్లలు నీళ్లలోకి దూకారు. "తాగినోళ్లు సీసా నాకప్పగించి దూకండి" అని వెనకాలే అరిచాడు.

పులిహోర బాగానే ఉంది, కాస్త ఇసుక తగిలింది. తిన్నాక అద్దం అడుగున్న బోటెక్కాం. పడవ మధ్యలో పెద్ద అద్దం ఉంటుంది, చుట్టూ కూర్చుని కిందికి చూడటమే. నడిపే కుర్రాడు మా మాటలు విని "ఏవూరండీ మీది? మాది సోంపేట దగ్గరండి" అనేసరికి అత్త "ఓలమ్మ! మా ఆడపడుచుని సోంపేటే ఇచ్చినాం" అని మొదలెట్టింది. ఆ కుర్రాడికి ఎంత ఓపికో, సోంపేట చుట్టరికాలకి ఊ కొడుతూనే పగడాలు చూపిస్తున్నాడు. మెదడులా మడతలు పడ్డ పగడం, జింక కొమ్ముల్లాంటి పగడం, వాటి మధ్య దూరి తొంగిచూసే నారింజ రంగు చేప. గుండ్రటి రకాలు ఏడాదంతా పెరిగినా సెంటీమీటరో రెండో, అంటే మన కింద కనిపిస్తున్న బండ మా తాతకంటే పెద్దదై ఉండొచ్చు. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను.

"అదిగో!" అని మావయ్య కేకేశాడు.

షార్కేమో అని బోటులో అందరూ ఒక పక్కకి వాలారు, బోటు కూడా వాలింది. పిల్లాడొకడు ఏడుపు అందుకున్నాడు. కుర్రాడు తొంగి చూసి, "అది సముద్ర దోసకాయండి, ప్రాణమున్నదే" అన్నాడు.

"నాను సీసా అనుకున్నాన్రా" అన్నాడు మావయ్య. ఎందుకంటే అప్పటికి ఆయన లెక్కలో పదే ఉన్నాయి.

తర్వాత మాకు దీవిలో మిగిలిన సమయమంతా సీసా వేటే. చెట్ల మొదళ్లలో వెతికాం, బట్టలు మార్చుకునే చోట వెతికాం, ఇసుకలో సన్యాసి పీతలు గవ్వలు మోసుకుని పోతుంటే వాటి వెనక కూడా వెళ్లాం. అదే బోటులో వచ్చిన ఒక బెంగాలీ పెద్దాయన కూడా నేల చూపులు చూస్తూ తిరుగుతున్నాడు. మావయ్య ఆగి, "హమారా ఏక్ సీసా కమ్ హై" అన్నాడు. ఆయన "హమారా భీ" అన్నాడు. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని దీవి చుట్టూ వెతికారు. ఆ డిపాజిట్‌తో ఊళ్లో ఒక బిర్యానీ కూడా రాదు.

బోటు రద్దీగా ఉందని తిరుగు ప్రయాణంలో ఆ బెంగాలీ వాళ్లని తర్వాతి బోటులో ఎక్కించారు. సగం దూరం వచ్చాక అత్త, కొంగు ముడి విప్పి జీడిపప్పు పంచుతూ, మామూలుగా అంది, "ఆ సోంపేట కుర్రోడు పొద్దున్నుంచీ ఎండలో ఉన్నాడు కదా, ఒక సీసా ఇచ్చేసినాను."

బోటులో ఇంజను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు కాసేపు.

"నాకు సెప్పాలి కదే!"

"నన్నడిగితే కదా. ఊళ్లో అందర్నీ అడిగినారు."

వండూర్‌లో దిగాక అందరం వ్యాన్ ఎక్కుదామంటే మావయ్య కదలడే. ఆ కుర్రాడు ఆఖరి బోటులో వస్తాడట, వచ్చేదాకా ఉండాలట. కూర్చున్నాం. ఈలోగా బెంగాలీ వాళ్ల బోటు వచ్చింది. పెద్దాయన సీసాలన్నీ చూపించి డబ్బులు తీసుకుని, "మిల్ గయా!" అని నవ్వుతూ వెళ్లిపోయాడు. మావయ్య మనస్ఫూర్తిగా షేక్‌హ్యాండ్ కూడా ఇచ్చాడు.

ఆఖరికి కుర్రాడు దిగాడు. విషయం విని నాలుక్కరుచుకున్నాడు. "సీసా నా దగ్గర లేదండి. మీ బోటు వెళ్లాక ఒక బెంగాలీ పెద్దాయన చూసి, మాకొకటి తగ్గింది, ఇది పెడితే సరిపోద్దని అడిగితే ఇచ్చీసినానండి."

మావయ్య చాలాసేపు వేళ్లు మడిచి తెరిచి లెక్క కట్టాడు. "ఆళ్ల సీసా పోయింది. మా సీసాతో ఆళ్ల లెక్క సరిపోయింది. అంటే ఆళ్లది దీవిలోనే ఉండిపోయినట్టు కదా? డబ్బులు పోతే పోనీ, ఇది తప్పు లెక్క. బాబూ, రేపు మొదటి బోటు ఎన్నింటికి?"

అప్పటికే అత్త మమ్మల్నందర్నీ వ్యాన్‌లో కుక్కేసి తలుపు లాగింది. డ్రైవర్ వెనక్కి తిరిగి చూసి, "పొద్దున పదకొండు మంది కదమ్మా, పదే ఉన్నారు" అన్నాడు.

"సరిపోయింది, బండి తియ్యి నాన్నా" అంది అత్త.