"నోరు కట్టుకోలేకే" అన్న మెసేజ్‌కి నా జవాబు

సంక్రాంతి నుంచి మా అపార్ట్‌మెంట్ గ్రూపులోనూ చుట్టాల గ్రూపులోనూ ఒకటే వాట్సాప్ మెసేజ్ తిరుగుతోంది. మొన్న ఆదివారంతో నాకు నాలుగోసారి వచ్చింది. పంపినవాళ్ళలో ఇద్దరికి నేను 2018లో బరువు తగ్గడానికి స్లీవ్ ఆపరేషన్ (పొట్టలో చాలా భాగం కోసి తీసి సన్నటి గొట్టంలా మిగిల్చేది) చేయించుకున్న సంగతి తెలుసు. మెసేజ్‌లో ఉన్నది ఇదీ:

"బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళంతా అయిదేళ్ళు తిరక్కుండా మళ్ళీ మొదటికే వస్తారు. కారణం ఒక్కటే, నోరు కట్టుకోలేకపోవడం. తిని తిని పొట్ట సాగదీసుకుంటారు. అయిదు రోజులు జావ మీద ఉంటే పొట్ట తిరిగి చిన్నదైపోతుంది. అది చేతకానివాళ్ళని పట్టుకుని ఆసుపత్రులు రెండో ఆపరేషన్ పేరుతో దోచుకుంటున్నాయి. ఇప్పుడు ఇంజెక్షన్లు వచ్చేశాయి, కత్తితో పనే లేదు."

నా ఒక్కదాని సంగతే అయితే చూసి ఊరుకునేదాన్ని. గాజువాకలో మా పిన్ని కూతురు ఉంది. నా తర్వాత ఏడాదికి తనూ స్లీవ్ చేయించుకుంది. తనకీ బరువు కొంత తిరిగొచ్చింది. పండక్కి వెళ్తే రాత్రి రెండు దిళ్ళు ఎత్తు పెట్టుకుని కూర్చున్నట్టే పడుకుంది. గుండెల్లో మంటట, పుల్లటి నీళ్ళు గొంతులోకి వస్తాయట. అరికాళ్ళు తిమ్మిర్లు కూడా. డాక్టరుకి చూపించుకుని ఏడాదిన్నర అయింది. ఎందుకు వెళ్ళలేదే అంటే, "ఏం మొహం పెట్టుకుని వెళ్ళనక్కా? తిని పెంచుకున్నావంటారు" అని ఫోను తీసి ఈ మెసేజే చూపించింది.

అందుకే రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు, బ్యాంకు ఉద్యోగిని. కానీ ఎనిమిదో ఏడు ఈ పొట్టతోనే బతుకుతున్నాను. రెండో ఆపరేషన్ చేయించుకోవాలా వద్దా అని ఏడాదిపాటు తిరిగాను, అడిగాను, దొరికినదల్లా చదివాను.

"అంతా మొదటికే వస్తారు" అన్నది ముందు చూద్దాం. ఆపరేషన్ నాడు నా బరువు 112 కిలోలు. రెండేళ్ళకి 71కి దిగాను. గత ఏడాది తూకం 88 చూపించింది. 17 కిలోలు తిరిగొచ్చాయి, నిజమే. దానికి నేను ఏడ్చాను కూడా. కానీ 112 ఎక్కడ, 88 ఎక్కడ? నా ఎత్తు 158 సెంటీమీటర్లు. ఆ ఎత్తుకి ఉండాల్సిన బరువు 62 అనుకుంటే నా అదనపు బరువు 50 కిలోలు. అందులో 24 అప్పటికీ తిరిగి రాలేదు, అంటే 48 శాతం. ఫిన్లాండులో రోగుల్ని చీటీలు తీసినట్టు రెండు జట్లు చేసి, ఒక జట్టుకి స్లీవ్, ఇంకో జట్టుకి బైపాస్ (పొట్ట పైభాగాన్ని చిన్న సంచిగా విడదీసి, పేగులో కొంత దాటించి కలిపే ఆపరేషన్) చేసి, పదేళ్ళు వెంట ఉండి చూసిన స్లీవ్‌పాస్ అనే పరిశోధన ఉంది. 2022లో వచ్చిన దాని ఫలితాల ప్రకారం, పదేళ్ళ తర్వాత కూడా అదనపు బరువులో స్లీవ్ వాళ్ళకి సుమారు 44 శాతం, బైపాస్ వాళ్ళకి సుమారు 51 శాతం తగ్గే ఉంది. స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టిన పెద్ద అధ్యయనంలో బైపాస్ వాళ్ళు ఏడాది రెండేళ్ళకి మొత్తం బరువులో 32 శాతం తగ్గారు. పదేళ్ళకి అది 25 శాతం దగ్గర నిలబడింది. కొంత తిరిగి రావడం మామూలు. అది ముందే చెప్పి ఆపరేషన్ చెయ్యాలి. నాకు ఎవరూ చెప్పలేదు, ఆ బాధ నాకుంది. పూర్తిగా పాత బరువుకి చేరేవాళ్ళూ ఉన్నారు. "అంతా" అనడం మాత్రం అబద్ధం.

ఇక "నోరు కట్టుకోలేకపోవడం". మా చెల్లిని ఏడాదిన్నర ఇంట్లో కూర్చోబెట్టిన మాట ఇదే.

బరువు తగ్గితే శరీరం సంతోషించదు. కరువొచ్చిందనుకుంటుంది. ఆస్ట్రేలియాలో తిండి తగ్గించి బరువు తగ్గినవాళ్ళని ఏడాది తర్వాత పరీక్షిస్తే, ఆకలి పుట్టించే హార్మోన్లు అప్పటికీ పెరిగే ఉన్నాయి, కడుపు నిండిందని చెప్పేవి తగ్గే ఉన్నాయి. 2011లో అచ్చయిన పరిశోధన అది. స్లీవ్‌లో ఆకలి హార్మోను గ్రెలిన్ ఎక్కువగా తయారయ్యే పైభాగాన్ని కోసి తీసేస్తారు కాబట్టి మొదట్లో ఆకలే ఉండదు. నాకు ఎనిమిది నెలలు అన్నం గుర్తే రాలేదు. తర్వాత మెల్లగా ఆకలి తిరిగొచ్చింది. శరీరం ఖర్చు పెట్టే శక్తి కూడా తగ్గుతుంది. 71 కిలోల నాకు 112 కిలోల నాటి తిండి అక్కర్లేదు. దీనికి తోడు వయసు, నెలసరి ఆగే రోజులు, థైరాయిడ్, నిద్ర లేకపోవడం, స్టీలు ప్లాంటు నైట్ షిఫ్టుల వంటివి. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, మనసుకి వాడే కొన్ని మందులు కూడా బరువు పెంచుతాయి. నా రక్తపరీక్షలో థైరాయిడ్ గాడి తప్పినట్టు తేలింది. దానికీ నా నోటికీ ఏమిటి సంబంధం?

తిండి పాత్ర లేదని నేననను. డైటీషియన్ నాచేత 21 రోజులు తిన్నదల్లా నోట్‌బుక్కులో రాయించింది. ఆ పుస్తకం ఇంకా దాచుకున్నాను. మధ్యాహ్నం పేజీల్లో అంతా బాగానే ఉంది: ఒక చేపముక్క, గరిటెడు దొండకాయ కూర, రెండు ముద్దల అన్నం, ఇక పట్టదు. నాలుగు గంటలు దాటాక పేజీ నిండిపోయేది. టీ, టీలో ముంచిన బిస్కట్లు ఆరు. సాయంత్రం బీచ్‌లో మురీ మిక్చర్ పొట్లం. రాత్రి టీవీ ముందు చేగోడీలు. గట్టి చేపముక్క సన్నబడిన పొట్టలో నిలబడి "చాలు" అనిపిస్తుంది. నానిన బిస్కట్, నోట్లోనే కరిగే మరమరాలు నిలబడవు, జారిపోతాయి. కడుపు నిండినట్టే ఉండదు. నేను దొంగతనంగా ఏమీ తినలేదు, కక్కుర్తి పడలేదు. మాంసకృత్తులు ముందు తిను, తింటూ నీళ్ళు తాగకు అని మొదటి ఏడాది చెప్పారు. అయిదో ఏట ఎవరూ గుర్తు చెయ్యలేదు, నేనూ వెళ్ళి అడగలేదు. అడగడానికి సిగ్గేసింది. మెసేజ్ చేసే అసలు చెరుపు ఇదే: బరువు పెరిగినవాళ్ళని, వాళ్ళకి అన్నిటికంటే అవసరమైన డాక్టరు దగ్గరికి వెళ్ళనివ్వదు.

"పొట్ట సాగదీసుకుంటారు" అన్నదాంట్లో కొంత నిజం ఉంది, తప్పు కూడా ఉంది. స్లీవ్ ఏళ్ళు గడిచేకొద్దీ కొంత వెడల్పవుతుంది. బైపాస్‌లో పొట్టకీ పేగుకీ మధ్య కుట్టిన దారి పెద్దదవచ్చు. విడదీసిన రెండు భాగాల మధ్య సందు పడి తిండి పాత దారినే పోవచ్చు. కొందరికి మొదటి ఆపరేషన్‌లోనే పైభాగం కొంత మిగిలిపోయి అదే ఉబ్బుతుంది. ఇందులో ఏది జరిగిందో బయట నుంచి ఎవరూ చెప్పలేరు. పెళ్ళి భోజనం నాలుగు ముద్దలు ఎక్కువ తిన్నంత మాత్రాన పొట్ట సాగిపోదు.

నాకు ఎక్స్‌రే గదిలో సుద్దనీళ్ళలాంటి తెల్లమందు గ్లాసుడు చేతికిచ్చి, ఒక గుటక వేసి ఆగమన్నారు. తెర మీద నా పొట్ట లేత పొట్లకాయలా సన్నగా, కొంచెం వంకర తిరిగి కనిపించింది. తెల్లటి మందు దాంట్లోంచి నెమ్మదిగా జారింది. "ఏం సాగలేదమ్మా, బాగానే ఉంది" అన్నాడు టెక్నీషియన్. మూడేళ్ళుగా నా పొట్టని నేనే పాడుచేసుకున్నానని నమ్ముతూ వచ్చాను. ఆ గదిలో గోడకి ఆనుకుని కాసేపు అలాగే నిలబడిపోయాను.

అయిదు రోజుల జావ గురించి ఎక్కువ చెప్పను. జావతో పొట్ట కుంచించుకుపోదు. మొదటి రెండు మూడు రోజుల్లో తగ్గే బరువులో ఎక్కువ భాగం నీరే. షుగరు మాత్రలు వేసుకునేవాళ్ళు ఇలా చేస్తే షుగరు మరీ పడిపోవచ్చు. అసలే వాంతులవుతున్నవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి. థయమిన్, అంటే బి1 విటమిన్, అడుగంటితే మెదడుకే ప్రమాదం.

ఇప్పుడు రెండో ఆపరేషన్. మెసేజ్ దీన్ని దోపిడీ అంటుంది. ఇంకొందరు దీన్నే పంక్చరు వేయించుకున్నంత తేలిగ్గా చెబుతారు. ఈ రెండు మాటలూ మనిషిని ముంచుతాయి.

దోపిడీ ఎక్కడా లేదని నేను చెప్పలేను. నేను తిరిగిన ఒకచోట నా పాత రిపోర్టుల ఫైలు విప్పనైనా లేదు. ఎండోస్కోపీ మాటే లేదు. "వచ్చే గురువారం చేసేద్దాం, అడ్వాన్సు కట్టండి" అన్నారు. ఆ మెట్లు దిగి మళ్ళీ ఎక్కలేదు. రెండో ఆపరేషన్ మాట వచ్చే ముందు ఎండోస్కోపీ, ఆ తెల్లమందు ఎక్స్‌రే గాని సీటీ గాని, రక్తపరీక్షలు, డైటీషియన్‌తోనూ మనసు డాక్టరుతోనూ కూర్చోవడం జరగాలి. మొదటి ఆపరేషన్ నోట్స్ తెప్పించాలి. ఇవేవీ లేకుండా తేదీ ఇచ్చేచోట కూర్చోకండి.

కానీ అవసరమైన చోట అది వైద్యమే. స్లీవ్ తర్వాత ఆమ్లం పైకి తన్నడం పెద్ద సమస్య. ఇందాక చెప్పిన ఫిన్లాండు పరిశోధనలోనే పదేళ్ళకి స్లీవ్ వాళ్ళలో 31 శాతం మందికి అన్నవాహికలో పుండ్లు, వాపు కనిపించాయి. బైపాస్ వాళ్ళలో 7 శాతం మందికే. మాత్రలకి లొంగని మంటకి స్లీవ్‌ని రూ ఎన్ వై అనే రకం బైపాస్‌గా మార్చడం ఒప్పుకున్న దారి. బరువు కోసమైతే మినీ బైపాస్, సాడీ వంటి వేరే రకం ఆపరేషన్లు కూడా ఉన్నాయి. బైపాస్ దారి వెడల్పయినవాళ్ళకి కొందరికి కోత లేకుండా ఎండోస్కోపీతోనే కుట్టి బిగిస్తారు.

తేలిక మాత్రం కాదు. మొదటిసారి కోసిన చోట మచ్చకట్టి, పక్క అవయవాలు అతుక్కుని ఉంటాయి. ఆపరేషన్ ఎక్కువసేపు పడుతుంది, కుట్ల దగ్గర కారే ప్రమాదం మొదటిదానికంటే ఎక్కువ. తగ్గే బరువు సాధారణంగా మొదటిసారంత ఉండదు. పేగు ఎంత ఎక్కువ దాటిస్తే బరువు అంత తగ్గుతుంది, ఐరన్, క్యాల్షియం, విటమిన్లు, మాంసకృత్తులు ఒంటికి పట్టడం కూడా అంతే తగ్గుతుంది. మాత్రలు జీవితాంతం వేసుకోవాలి, ఏడాదికోసారి రక్తపరీక్ష మానకూడదు. మొదటి ఆపరేషన్ తర్వాత మాత్రలు మానేసినవాళ్ళు ఆ సంగతి సర్జన్‌కి దాచకుండా చెప్పాలి.

డబ్బు సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో పెట్టిన ప్రామాణిక నిబంధన ప్రకారం ఊబకాయం ఆపరేషన్‌కి బీమా రావాలంటే బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంత ఉందో చెప్పే లెక్క) 40 గాని అంతకు మించిగాని ఉండాలి. లేదా 35 గాని అంతకు మించిగాని ఉండి, గుండెజబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం), అదుపులోకి రాని షుగరు వంటివి ఉండాలి. అప్పటికి నా బీఎంఐ 35 పైచిలుకు, ఆ జబ్బులేవీ లేవు, అంటే నాకు రాదు. పాలసీ కాగితం చదివేదాకా నాకు ఈ సంగతి తెలియదు.

చివరిది ఇంజెక్షన్. మౌంజారో అనే ఇంజెక్షన్ 2025 మార్చిలో, వెగోవీ అనేది అదే ఏడాది జూన్‌లో మన దేశంలోకి వచ్చాయి. ఆపరేషన్ తర్వాత బరువు సమస్య ఉన్నవాళ్ళకి ఈ తరగతి మందులు పనిచేస్తాయి. పాత మందు లిరాగ్లుటైడ్‌నే లండన్‌లో అలాంటివాళ్ళకి ఆరు నెలలు ఇచ్చి చూస్తే, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్ళకంటే 8 శాతం ఎక్కువ తగ్గారు. నేనూ డాక్టరు చెప్పాక గత ఆగస్టు నుంచి వారానికోసారి వేసుకుంటున్నాను. థైరాయిడ్ మాత్ర, సాయంత్రం బిస్కట్ల బదులు ఉడికించిన శనగలు, తెల్లారి బీచ్ రోడ్డు మీద నడక కూడా ఉన్నాయి. 82కి వచ్చాను. అయితే కత్తితో పనే లేదనడం తప్పు. వెగోవీలో ఉండే మందు సెమాగ్లుటైడ్ ఆపేసినవాళ్ళకి ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. చిన్న పొట్టకి వికారం, వాంతులు త్వరగా వస్తాయి. అందుకే డోసు మెల్లగా పెంచుతారు. మెడ్యులరీ అనే రకం థైరాయిడ్ క్యాన్సర్ తమకి గాని రక్తసంబంధీకుల్లో ఎవరికైనా గాని ఉంటే ఇవి వాడకూడదు, గర్భిణులు వాడకూడదు. పైకి తన్నే ఆమ్లాన్ని ఈ ఇంజెక్షన్లు ఆపవు.

అది మా చెల్లి విషయంలో చూశాను. కనుమ వెళ్ళాక సెలవు పెట్టి నేనే తీసుకెళ్ళాను. ఎండోస్కోపీలో అన్నవాహిక కింద ఎర్రటి పుండ్లు, పొట్ట పైభాగం ఛాతీలోకి జారిన హెర్నియా కనిపించాయి. బి12 బాగా తక్కువ, కాళ్ళ తిమ్మిర్లు అందుకే. ముందు బి12 ఇంజెక్షన్లు, మంటకి మందు మొదలుపెట్టారు. మూడు నెలలు చూసి, తగ్గకపోతే హెర్నియా సరిచేసి బైపాస్‌గా మార్చడం గురించి మాట్లాడదామన్నారు. నాకు రెండో ఆపరేషన్ వద్దన్న డాక్టరే తనకి అవసరపడొచ్చన్నాడు. గది బయటికొచ్చాక చెల్లి అడిగిన మొదటి మాట, "అయితే నేను తినడం వల్ల కాదా అక్కా?"

ఏప్రిల్‌లో మళ్ళీ రమ్మన్నారు. నేనే తీసుకెళ్తాను.