అల్లే చేతులకు పింఛను ఎందుకు లేదు?

తెలంగాణ ప్రభుత్వం 2014లో ఆసరా పింఛన్లు మొదలుపెట్టినప్పుడు చేనేత కార్మికులను, కల్లుగీత కార్మికులను విడిగా గుర్తించింది. తర్వాత బీడీ కార్మికులూ చేరారు. నేత, గీత పనివాళ్లకు 50 ఏళ్లకే పింఛను ఇస్తారు. మామూలు వృద్ధాప్య పింఛనుకైతే 57 నిండాలి. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. మగ్గం గుంటలో కూర్చునేవాళ్ల నడుములు, తాళ్లెక్కేవాళ్ల మోకాళ్లు వయసు కంటే ముందే పోతాయి. నా బాధంతా ఆ జాబితాలో లేనివాళ్ల గురించి. ఈత బరిగెలతో గంపలు, బుట్టలు అల్లేవాళ్లు, ఈత ఆకుతో చాపలు నేసేవాళ్లు, చీపుర్లు కట్టి ఊరూరా తిరిగి అమ్మేవాళ్లు. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో వీళ్లు లేని కాలం లేదు. ప్రభుత్వ కాగితాల్లో మాత్రం ఈ పనికి పింఛను లేదు.

ఇక్కడ విదేశాల్లో మన తెలంగాణ సంఘాల సంబరాల్లో ఈత బుట్టలకు కొదవ ఉండదు. స్టేజీ అలంకరణకు పెడతాం, పసుపు కుంకుమలు అందులో పెట్టి పంచుతాం, పక్కన నిలబడి ఫోటోలు దిగుతాం. ‘మన పల్లె కళలు’ అంటూ ఉపన్యాసాలు కూడా వింటాం. ఆ బుట్టను ఎవరు అల్లారు, వాళ్లకు ఎంత ముట్టింది అని వేదిక మీద ఒక్కరూ అడగగా నేను వినలేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్న కోసమే.

మా వైపు ఈ పని ఎక్కువగా ఎరుకల వాళ్లది. వెదురు పని మేదరి వాళ్లది, ఈత పని వీళ్లది అని మోటుగా చెప్పుకుంటాం కానీ, ఎరుకల వాళ్లలోనే ఏ పని చేస్తే ఆ పేరు ఉండేది. వెదురు బద్దలతో అల్లేవాళ్లు దబ్బ ఎరుకల, ఈత పుల్లలతో అల్లేవాళ్లు ఈతపుల్లల ఎరుకల, సాలెవాళ్లకు కుంచెలు కట్టి ఇచ్చేవాళ్లు కుంచె ఎరుకల. మగ్గం మీదికి పోయే పడుగుకు గంజి పట్టించేది ఆ కుంచెతోనే. పోచంపల్లి చీర గురించి ప్రపంచమంతా గొప్పగా చెప్పుకుంటాం. నేసేవారికి సంఘాలున్నాయి, పింఛను ఉంది, పోచంపల్లి ఇక్కత్‌కు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఉంది. కుంచె కట్టిన మనిషి మాత్రం ఆ కథలోనే లేడు.

బ్రిటిష్ వాళ్లు 1871లో తెచ్చిన నేరస్థ జాతుల చట్టాన్ని తర్వాత మద్రాసు ప్రాంతానికీ విస్తరించి, ఎరుకల వాళ్ల మీద పుట్టుకతోనే దొంగలన్న ముద్ర వేశారు. చట్టం 1952లో రద్దయింది. ముద్ర పోవడానికి ఎన్ని తరాలు పట్టిందో, ఇంకా ఎంత మిగిలి ఉందో ఊళ్లలో పెరిగిన మనకు ఒకరు చెప్పక్కర్లేదు. గంప కావాలి, అల్లిన మనిషి మాత్రం వాకిలి దాటి లోపలికి రాకూడదు. అలాంటి ఇళ్లలోనే మనలో చాలామందిమి పెరిగాం.

పోయినసారి దేవరకొండ వైపు మా ఊరికి వెళ్లినప్పుడు, గంప అల్లుతున్న ఒక అవ్వ పక్కన చాలాసేపు కూర్చున్నాను. తడి గోనెసంచి కింద బరిగెల కట్ట. ఈత మట్టను కోసి, మొదట్లో ఉండే ముళ్లు చెక్కేసి, ఆకు దూసేస్తే మిగిలేది బరిగె. లావుగా ఉన్నదాన్ని కత్తితో నిలువునా చీల్చి బద్దలు తీస్తారు. ఆరిపోతే విరుగుతుంది కాబట్టి తడి ఆరనివ్వరు. బద్దలను అడ్డం నిలువు పేర్చి, కాలి బొటనవేలితో తొక్కిపట్టి అడుగు వేసింది. అక్కడ సందు వదులైతే గంప మొత్తం వంకర పోతుందట. అడుగు కుదిరాక చుట్టూ తిప్పుతూ పైకి లేపడం చూడ్డానికి తేలిక. ఆమె చూపుడువేలు, బొటనవేలు మధ్య చర్మం పగిలి, నల్లబడి, మళ్లీ పగిలి ఉంది. అంచు కట్టేటప్పుడు ఒంటి బలమంతా ఆ రెండు వేళ్ల మీదే పడుతుంది.

‘‘అల్లేది ఏమంత కష్టం గాదు బిడ్డా. బరిగెలే దొరుకుతలేవు. ఉన్నకాడ కొయ్యనిస్తలేరు’’ అంది.

ఆ మాటలో అసలు సంగతి ఉంది. ఈత చెట్టు కల్లుగీతకు ఆధారం. గీత కార్మికులకు సొసైటీలు ఉన్నాయి, చెట్ల మీద హక్కు ఆబ్కారీ శాఖ లెక్కల్లో ఉంటుంది. 2015లో మొదలైన హరితహారం మొక్కల పెంపకం పథకంలో చెరువు కట్టల మీద, గట్ల మీద ఈత మొక్కలు నాటడం మంచి పని. కానీ అవి నాటింది కల్లు కోసం. చెట్టు గీసేటప్పుడు కొట్టేసిన మట్టలు ఒకప్పుడు అల్లేవాళ్లకు దక్కేవి. గౌడన్నకూ ఎరుకల వాళ్లకూ మధ్య అది మాట మీద నడిచిన వ్యవహారం. చెట్లు తగ్గి, పొలాలు చేతులు మారి, సాగర్ రోడ్డు పొడవునా వెంచర్లు వచ్చాక మాట మీద నడిచేదేదీ నిలబడలేదు. చెట్టెవరిదో రాసిపెట్టారు. ఆకు కోసుకునే హక్కు ఎవరిదో ఎక్కడా రాయలేదు. తెచ్చుకోవాలంటే మైళ్లు నడవాలి, లేదా కొనుక్కోవాలి. ఒక్కోసారి అల్లిక కంటే ఆకు తేవడానికే ఎక్కువ పొద్దు పోతుంది. ఆ పొద్దుకు మనం ఇచ్చే ధరలో ఒక్క రూపాయి కూడా ఉండదు.

ప్లాస్టిక్ వచ్చి దెబ్బతీసిందని అందరం అంటాం. నిజమే, కానీ సగమే. కల్లం పోవడంతో అంతకంటే పెద్ద దెబ్బ తగిలింది. వరి కోత మిషన్ వచ్చాక కోసి, కొట్టి, తూర్పారబట్టే పని ఒక్క పూటలో అయిపోతోంది, వడ్లు ట్రాక్టరులోనే మార్కెట్‌కు పోతున్నాయి. గంపలు, గుమ్ములు అక్కరలేని వ్యవసాయం అది. ఇంట్లో పశువులు లేకపోతే పెండ గంప ఎందుకు? కూరగాయలు, మామిడిపండ్లు క్రేట్లలో పోతున్నాయి. ఒకప్పుడు రైతు ఇంటికి ఏడాదికి ఇన్ని గంపలని ఇచ్చి గింజలు తీసుకునేవాళ్లు. ఆ లెక్క తెగిపోయాక అంగడిలో కూర్చుని బేరమాడేవాళ్ల దయ మీద బతకాల్సి వచ్చింది. మనుషులు పాలమూరు లేబరై పుణె, ముంబయి పోయినట్టే, ఈ ఇళ్ల పిల్లలూ హైదరాబాద్ సైట్లకు పోయారు. ఇంటి దగ్గర మిగిలింది ఎక్కువగా పెద్దవయసు ఆడవాళ్లు. ఈ రోజు ఈ వృత్తిని మోస్తున్నది వాళ్లే.

కేంద్రం 2023 సెప్టెంబరులో తెచ్చిన విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. బుట్టలు, చాపలు, చీపుర్లు చేసేవాళ్లకూ అందులో చోటుంది. ఈ గుర్తింపు దొరికినందుకు సంతోషించాల్సిందే. పనిముట్లకు 15,000 రూపాయల వరకు, శిక్షణకు రోజుకు 500, ఆపైన 5 శాతం వడ్డీకి అప్పు. కానీ కుటుంబానికి ఒక్కరే అర్హులు. భార్యాభర్తలది ఒకే కుటుంబం కింద లెక్క. ఈ పనిలో మట్ట కోసేది ఒకరు, అల్లేది ఒకరు, అమ్ముకొచ్చేది మరొకరు. ఆధార్, బ్యాంకు పాసుబుక్కు పట్టుకుని ఆఫీసుకు వెళ్లేది మామూలుగా మగవాడు. అలాంటప్పుడు పొద్దంతా అల్లే ఆడమనిషి పేరు మళ్లీ పక్కకు పోతుంది. పైగా ఈ అవ్వకు కావలసింది అప్పా? ఒక కత్తి తప్ప పనిముట్టే లేని వృత్తి ఇది. కావలసినవి ఆకు, ధర, ముసలితనంలో తిండి.

ధర మాటకొస్తే, 2025–26లో తెలంగాణలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. మట్టి తవ్వే పనికి ప్రభుత్వమే కట్టిన రేటు అది. ఆకు తేవడం దగ్గర్నుంచి అంచు కట్టేదాకా ఒక గంపకు ఒక రోజు పట్టిందనుకుందాం, ఆ గంపకు 307 కంటే తక్కువ ఇచ్చామంటే, ఏళ్ల తరబడి నేర్చిన పనికి మట్టి పని కూలి కూడా ఇవ్వలేదన్నమాట. మనం ఇక్కడ కాఫీకి పెట్టే డబ్బుతో పోల్చి జాలిపడమని చెప్పడం లేదు. బేరం ఆడేముందు ఈ లెక్క వేసుకోండి అంటున్నాను.

ఒక మిత్రుడు నాతో వాదించాడు. కులవృత్తిని కాపాడాలనడం అంటే ఆ పిల్లల్ని మళ్లీ అందులోకే నెట్టడం కాదా అన్నాడు. మంచి ప్రశ్న. ఎరుకల పిల్లలు డాక్టర్లు కావాలి, మనలాగే విమానాలెక్కాలి. వాళ్లను పట్టుకొచ్చి ‘యువతకు అల్లిక శిక్షణ’ శిబిరాలు పెట్టడం నాకూ ఇష్టం లేదు. అలాంటి శిబిరాలకు మన సంఘాలు చెక్కులు రాయకపోతేనే మేలు. అయితే పిల్లలు బయటపడాలంటే, ఇంటి దగ్గర అమ్మ ఆకలితో ఉండకూడదు. 55 ఏళ్ల మనిషిని ఇప్పుడు కొత్త పని నేర్చుకోమనలేం. ఆమె చేతిలో ఉన్న పనికే కూలి గిట్టాలి, ఒంట్లో ఓపిక తగ్గినప్పుడు పింఛను రావాలి. ఆ తర్వాత ఈ వృత్తి ఉండాలో పోవాలో ఆ ఇళ్లవాళ్లు తేల్చుకుంటారు.

మరి మనం చేయగలిగేది ఏమిటి? తెలంగాణ మంత్రులు, ఎమ్మెల్యేలు ఏటా ఇక్కడికి వస్తారు. విందులిస్తాం, శాలువాలు కప్పుతాం. ఈసారి ఒక్క కాగితం చేతిలో పెడదాం. నేత, గీత కార్మికులతో సమానంగా ఈత, వెదురు అల్లిక పనివాళ్లకూ 50 ఏళ్లకు పింఛను ఇవ్వాలని, ప్రభుత్వ భూముల్లో నాటిన ఈత చెట్ల మట్టలు కోసుకునే హక్కు వాళ్లకు రాతపూర్వకంగా ఉండాలని. గీత కార్మికులతో తగువు పెట్టే కోరిక కాదిది. కల్లుకు అడ్డం రాని మట్టలే వీళ్లకు కావాలి. ఇద్దరినీ కూర్చోబెట్టి గ్రామసభలో తేల్చవచ్చు.

రెండోది బతుకమ్మ. ఒకప్పుడు పూలు పేర్చేది సిబ్బి మీద, అంటే అల్లిన పళ్లెం మీద. ఇప్పుడు స్టీలు పళ్లాలు, ప్లాస్టిక్ ట్రేలు. ఇక్కడికి ఆకు వస్తువులు తెప్పించడం తేలిక కాదు, పురుగు కనిపిస్తే కస్టమ్స్ వాళ్లు ఆపేస్తారు. తెప్పించగలిగితే సరే. లేకపోతే, ఊళ్లో మన అమ్మానాన్నల ఇళ్లలో జరిగే పెళ్లిళ్లకు, గృహప్రవేశాలకు, బతుకమ్మకు కావలసిన సిబ్బులు, గంపలు అక్కడే చెప్పి చేయిద్దాం. ఆషాఢం లోపే చెప్పాలి. సగం డబ్బు ముందే ఇవ్వాలి, ధర అల్లే మనిషే చెప్పాలి. డబ్బు ఆమె ఖాతాలోనే వేయాలి. మన సంఘం ఈ ఏడాది అలంకరణకు పెట్టే ఖర్చులో కొంత దీనికి కేటాయించాలని కార్యవర్గాన్ని అడుగుతున్నాను. దేవరకొండ, కల్వకుర్తి, అచ్చంపేట వైపు బంధువులున్నవాళ్లు తమ ఊళ్లో ఎవరు అల్లుతున్నారో కనుక్కుని రాసి పంపితే, ఆర్డర్ ఎవరికివ్వాలో మొదటి సమావేశంలోనే నిర్ణయించుకోవచ్చు.